లేతవయసులో జీను వేసిన గుర్రం: కొనుగోలు, పరీక్ష, పోషణ

ఎముకల ఎదుగుదల పూర్తికాకముందే, అంటే సాధారణంగా ఏడాదిన్నరకూ మూడేళ్లకూ నడుమ, నోట కళ్లెం తగిలించుకొని వీపున రౌతును మోసి పనిచేసిన గుర్రాన్ని మరొకరు తమ స్వారీ కోసం కొనుక్కోవడం అశ్వవ్యాపారంలో నిత్యం జరిగే లావాదేవీ. పరుగుపందేల నుంచి విరమించిన థరోబ్రెడ్ గుర్రాలు, అమెరికాలో మూడేళ్లకే పెద్ద బహుమతుల పోటీల్లో దిగిన క్వార్టర్ జాతి గుర్రాలు, రాజస్థాన్, మహారాష్ట్ర సంతల్లో కొనేవారి ఎదుట నడిపించి చూపే మార్వాడీ, కాఠియావాడీ గుర్రాలలో చాలా భాగం ఈ కోవలోకే వస్తాయి. తెలుగు రైతు కోడెను కాడికి అలవాటు చేయడాన్ని మరపడం అంటాడు. అలా ముందే మరపిన గుర్రం కొనేవాడికి శిక్షణ ఖర్చు, కాలం రెండూ మిగులుస్తుంది కనుక దానికి గిరాకీ ఎక్కువ. అయితే ఆ మరపడం ఏ వయసులో జరిగిందన్నది తెలిసినంత మాత్రాన గుర్రం సంగతి తెలిసినట్టు కాదు. వీపున ఎంత బరువు పెట్టారు, ఎంత వేగంతో పరిగెత్తించారు, ఎంత ఇరుకు మలుపులు తిప్పారు, నడుమ ఎన్నాళ్లు సేదతీరనిచ్చారు అనే నాలుగు సంగతులూ కలిస్తేనే ఆ గుర్రం గతం అవుతుంది. అమ్మేవాడు వీటిలో ఏదీ చెప్పకపోవచ్చు, చెప్పినా నమ్మదగినట్టు చెప్పకపోవచ్చు గనుక, ఈ కొనుగోలులోని నేర్పంతా గుర్రం ఒంటి మీది గుర్తుల నుంచి గతాన్ని చదవడంలోనే ఉంది.

ఎముకలు ఎదిగే వరుస

గుర్రపుపిల్ల ఏడాది నిండేసరికి పెద్దయ్యాక ఉండబోయే ఎత్తులో దాదాపు 90 శాతానికి, బరువులో సుమారు మూడింట రెండు వంతులకు చేరుతుంది. రెండేళ్ల పిల్ల కంటికి పూర్తి గుర్రంలా కనబడటానికీ, దాన్ని ఎక్కడానికి మనుషులు తొందరపడటానికీ కారణం ఇదే. ఎత్తు పెరగడం దాదాపు ఆగినా, పొడవాటి ఎముకల చివరల్లో వృద్ధి ఫలకం అనే మృదులాస్థి పొర మాత్రం ఇంకా మిగిలే ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది ఈ పొర దగ్గరే; ఇది గట్టి ఎముకగా మారిపోవడాన్నే ఫలకం మూసుకోవడం అంటారు.

ఈ మూసుకోవడం స్థూలంగా గిట్ట నుంచి మొదలై పైకి సాగుతుంది. గిట్టలోపలి ఎముక ఫలకం పుట్టేనాటికే మూసుకొని ఉంటుంది. దానిపైనున్న రెండు పొట్టి ఎముకలవి ఏడాది లోపు, మోకాలికీ గిట్ట పైకీలుకూ మధ్యనుండే పొడవాటి నలక ఎముకది ఏడాదిన్నర లోపు, ముందరి మోకాలికి పైనున్న ముంజేతి ఎముక కింది చివర రెండు, రెండున్నరేళ్లకు, వెనుకకాలి మోకాలి చుట్టూ ఉన్నవి మూడేళ్ల ప్రాంతంలో మూసుకుంటాయి. అన్నిటికంటే ఆలస్యంగా, అయిదారేళ్లకు గానీ మూసుకోనివి వెన్నుపూసలవి. జీను కూర్చునేది సరిగ్గా వాటి మీదే. అమెరికాకు చెందిన పురాజీవ శాస్త్రవేత్త డెబ్ బెన్నెట్ ఈ వరుసను వివరిస్తూ, ఫలానా జాతి తొందరగా పక్వమవుతుందన్న వ్యాపారుల మాట అస్థిపంజరం విషయంలో చెల్లదని వాదించారు. పందెపు లాయాల్లో రెండేళ్ల పిల్లల మోకాళ్లను ఎక్స్‌రే తీసి, ఫలకం మూసుకుందని తేలాకే వేగం పెంచే ఆచారం ఉంది. అది మంచి ఆచారమే గానీ, మోకాలు మూసుకుందన్న వార్త మోకాలికి సంబంధించినదే తప్ప వెన్నుకు వర్తించదు.

దీన్నిబట్టి అయిదేళ్ల దాకా గుర్రాన్ని లాయంలో కట్టి ఉంచడమే మేలనుకుంటే అది మరో పొరపాటు. తన మీద పడే ఒత్తిడిని బట్టి ఎముక తన ఆకృతిని, దిటవును మార్చుకుంటుందని జర్మన్ శస్త్రవైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లో ప్రతిపాదించిన సూత్రం గుర్రానికీ వర్తిస్తుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ నునమేకర్ పందెపు గుర్రాల నలక ఎముక మీద చేసిన పరిశోధన ఈ విషయంలో ముఖ్యమైనది. రెండేళ్ల థరోబ్రెడ్‌లలో చాలావాటికి శిక్షణ మొదలైన కొద్ది నెలల్లోనే నలక ఎముక ముందుభాగం వాచి, తాకితే నొప్పి పుడుతుంది. దీన్ని వాడుకలో షిన్ నొప్పి అంటారు. చాలాకాలం దీన్ని లేతవయసు తెచ్చిన జబ్బుగానే చూశారు. నెమ్మదిగా మైళ్ల కొద్దీ పరిగెత్తించడం వల్ల ఎముక నెమ్మదైన పరుగుకే తగినట్టు అమరుతుందనీ, ఆ తరువాత ఒక్కసారిగా వేగం అడిగితే తట్టుకోలేదనీ, మొదటినుంచే అతి తక్కువ దూరం వేగంగా పరిగెత్తించి క్రమంగా పెంచితే ఈ బాధ బాగా తగ్గుతుందనీ నునమేకర్ చూపారు. శిక్షణలో పెట్టిన క్వార్టర్ గుర్రాల మీద అమెరికాలో జరిగిన మరో పరిశీలనలో, పచ్చికబయలు నుంచి తెచ్చి లాయంలో కట్టిన తరువాత మొదటి రెండు నెలల్లో నలక ఎముకలోని ఖనిజ సాంద్రత పెరగకపోగా తగ్గిందని తేలింది. అంటే పిల్లగుర్రానికి హాని చేసేవాటిలో పనితో పాటు, పనీ ఆటా రెండూ లేకుండా నాలుగు గోడల మధ్య నిలబెట్టడాన్ని కూడా లెక్కించాలి.

రెండేళ్లకే పందెంలో దిగిన గుర్రాలు ఆలస్యంగా దిగినవాటి కంటే ఎక్కువకాలం పరిగెత్తుతాయని అనేక దేశాల పందెపు లెక్కలు చెబుతున్నాయి. శిక్షకులు ఈ మాటను తరచుగా ఉదహరిస్తారు. కొనేవాడు దీన్ని కొంత జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. రెండేళ్లకు పరిగెత్తగలిగినవి పుట్టుకతోనే గట్టి కాళ్లున్నవి కావచ్చు, కాళ్లు పట్టెయ్యడంతో ఆలస్యమైనవే మూడేళ్ల లెక్కలోకి జారి ఉండవచ్చు. పైగా ఆ లెక్కలు పందెం ముగిసేదాకానే ఉంటాయి, కొనేవాడికి కావలసింది ఆ తరువాతి పదిహేనేళ్లు.

బరువు లెక్క

రౌతూ జీనూ కలిపి గుర్రం బరువులో అయిదో వంతు మించకూడదన్నది పాత అశ్వికదళ నియమం. ఒహాయోలో ఎనిమిది గుర్రాల మీద జరిగి 2008లో వెలువడిన ప్రయోగం కూడా దాదాపు ఆ గీతకే వచ్చింది: బరువు 20 శాతం దాటి 25, 30 శాతాలకు చేరినప్పుడు గుండె వేగం, కండరాల నొప్పి స్పష్టంగా పెరిగాయి. ఇవి ఎదిగిన గుర్రాలకు చెందిన సంఖ్యలన్నది గుర్తుంచుకోవాలి. 450 కిలోల పందెపు గుర్రం మీద జాకీ, తేలికపాటి జీను కలిపి 55 కిలోలుంటే అది 12 శాతమే. 400 కిలోల రెండేళ్ల పిల్ల మీద 80 కిలోల మనిషి, 15 కిలోల పశ్చిమ అమెరికా జీను కలిసి కూర్చుంటే అది దాదాపు 24 శాతం. అందువల్ల పందెపు గుర్రమనగానే చెడిపోయిందనీ, పొలంలో నెమ్మదిగా తిప్పిన గుర్రమనగానే భద్రమనీ అనుకోవడం లెక్కకు నిలవదు. పందెపు గుర్రాన్ని దెబ్బతీసేది వేగమైతే, పొలంలో తిప్పిన పిల్లను దెబ్బతీసేది బరువు, ఇరుకు వలయాల్లో గంటల తరబడి తిప్పడం.

ఎక్కడ ఎలా ఎక్కుతారు

థరోబ్రెడ్ పిల్లకు ఏడాదిన్నర ప్రాంతంలో జీను అలవాటు చేస్తారు. అసలు పుట్టినరోజు ఏదైనా, భారత్ సహా ఉత్తరార్ధగోళంలో ఈ జాతి గుర్రాలన్నిటికీ జనవరి 1న, ఆస్ట్రేలియా వంటి దక్షిణార్ధగోళ దేశాల్లో ఆగస్టు 1న ఒక ఏడు నిండినట్టు లెక్క వేస్తారు గనుక, ఏప్రిల్‌లో పుట్టిన పిల్ల జనవరిలో రెండేళ్లదిగా నమోదైనా నిజానికి దాని వయసు 21 నెలలే. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని ఒకాలా వంటి చోట్ల రెండేళ్ల పిల్లలను వేలానికి ముందు సుమారు 200 మీటర్ల దూరం పూర్తి వేగంతో పరిగెత్తించి, సెకనులో అయిదో వంతు దాకా కాలం కొలిచి చూపుతారు. భారతదేశంలో పరుగు కాలెండరు కొంత నిదానంగా నడుస్తుంది. 1943లో మొదలై ముంబయి మహాలక్ష్మి మైదానంలో జరిగే ఇండియన్ డెర్బీ నాలుగేళ్ల గుర్రాలకు. బ్రిటన్ డెర్బీ మూడేళ్లవాటికి.

తెలుగువారికి ఈ వ్యవహారం ఎదురయ్యే చోటు ప్రధానంగా హైదరాబాద్ మలక్‌పేట. 1868లో మౌలాలిలో మొదలైన పందేలు 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో అక్కడికి మారాయి. పందెంలో గెలవని గుర్రం మీద మేత, లాయం, శిక్షకుడి ఖర్చు పెట్టడం యజమానికి భారమే గనుక, దేశంలోని పందెపు మైదానాలన్నిటి నుంచీ మూడు మొదలు ఆరేళ్ల వయసు గుర్రాలు స్వారీ పాఠశాలలకూ వ్యక్తులకూ, అదృష్టం చాలనివి పెళ్లి ఊరేగింపులకూ తరలిపోతుంటాయి.

అమెరికాలో క్వార్టర్ గుర్రాలను రెండేళ్లకే జీనుకు అలవాటు చేయడానికి కారణం ఫ్యూచ్యురిటీ అనే మూడేళ్ల గుర్రాల పోటీలు. పశువును మంద నుంచి విడదీసే విద్యకు ఫోర్ట్‌వర్త్‌లో, నిలుచున్న చోటే గిరగిర తిరిగి, పరుగులోంచి జారుతూ ఆగే రీనింగ్ విద్యకు ఓక్లహోమా సిటీలో జరిగేవి వీటిలో ముఖ్యమైనవి. ఈ పనిలో భారమంతా వెనుకకాళ్ల మోకాలు, మడమ కీళ్ల మీద పడుతుంది గనుక అక్కడి గుర్రం కొనేవాడు ముందుకాళ్ల కంటే వెనుకకాళ్లనే ఎక్కువసేపు చూడాలి. ఐరోపాలో జర్మనీ పెంపకందారులు మూడేళ్లకు గుర్రాన్ని ఎక్కి వేలానికి తెస్తారు. ఐస్‌లాండ్‌లో నాలుగేళ్ల వరకు ఆగుతారు. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూలు లిపిజానర్ మగగుర్రాలను నాలుగేళ్ల ప్రాంతంలో శిక్షణకు తీసుకొని, ఆ తరువాత కొన్నేళ్లపాటు తీరికగా తీర్చిదిద్దుతుంది. ఆగగలిగిన ఈ సంప్రదాయాలు రెండింటి వెనుకా మూడేళ్ల గుర్రానికి పెద్ద బహుమతి ప్రకటించే పోటీ ఏదీ లేదు.

పళ్లు, కాళ్లు, వీపు

క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో గ్రీకు రచయిత జెనొఫోన్ అశ్వవిద్య మీద రాసిన పుస్తకంలో, ఎక్కని పిల్లను కొనడం ఎలాగో ఒకచోట, అప్పటికే స్వారీకి అలవాటైన గుర్రాన్ని కొనడం ఎలాగో వేరొకచోట చెప్పాడు. మొదటిదానికి ఒళ్లు చూస్తే చాలు. రెండోదానికి ముందు పళ్లు చూడాలనీ, ఆపైన కళ్లెం ఎలా అందుకుంటుందో, రౌతును ఎలా ఎక్కనిస్తుందో, తోటి గుర్రాలను వదిలి వెళ్తుందో లేదో, ఒక పక్కకు తిరగడానికి మొరాయిస్తుందో పరిశీలించాలనీ అతని సూచన. ఇరవైనాలుగు శతాబ్దాల తరువాత కూడా ఈ జాబితాలో తీసేయవలసింది లేదు. భారతీయ అశ్వశాస్త్రాలు, తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసం వరకు, గుర్రపు లక్షణాలను విస్తారంగా చర్చించాయి. ఒంటి మీది సుడులను బట్టి శుభాశుభాలు నిర్ణయించే పద్ధతి మార్వాడీ సంతల్లో ఇప్పటికీ ధరను పెంచుతుంది, దించుతుంది. సుడి కోసం వెతికినంతసేపు కొనేవాడు నలక ఎముకను తడిమితే అతని డబ్బు ఎక్కువ భద్రంగా ఉంటుంది.

పళ్లతో వయసు కట్టడం తెలుగు రైతుకు కొత్త కాదు. రెండు పళ్ల కోడె, నాలుగు పళ్ల కోడె, పళ్లు కలిపిన ఎద్దు అనే లెక్కే గుర్రానికీ కొంత తేడాతో వర్తిస్తుంది. గుర్రానికి మధ్య కొరుకుడు పళ్లు రెండున్నరేళ్లకు, వాటి పక్కవి మూడున్నరకు, చివరివి నాలుగున్నరకు పాలపళ్లు ఊడి వస్తాయి. అయిదేళ్లకు నోరు నిండుతుంది. నాలుగేళ్లదని చెప్పిన గుర్రానికి పక్కపళ్లు ఇంకా పాలపళ్లే అయితే దాని గతం గురించి చెప్పిన మిగతా మాటలను కూడా సందేహించాలి. దవడపళ్లు మారేది కూడా రెండున్నర, నాలుగేళ్ల మధ్యే. లోహపు కళ్లెం నోట్లో పెట్టి మొదటి పాఠాలు చెప్పే కాలమూ అదే కావడంతో, తల విదిలించడం, కళ్లెం మీద వాలడం, ఒక పక్కకు తిరగకపోవడం వంటివి మొండితనంగా లెక్కకెక్కుతాయి. దవడపళ్లకు ముందు మొలిచే వుల్ఫ్ టీత్ అనే చిన్న పళ్లను కళ్లెం పెట్టకముందే పశువైద్యులు తరచుగా తీసేస్తారు. తీయకపోతే కళ్లెం వాటికి తగిలి నొప్పి పుట్టవచ్చు. సంతలో కొన్న గుర్రమైతే పెదవుల మూలలు, నాలుక మీద పాత గాయపు మచ్చలు వెతకాలి. కాంటా లగాం అనే ముళ్ల కళ్లేన్ని మన దేశంలో 1965 నాటి నియమాలు నిషేధించినా, దాని గుర్తులు ఇప్పటికీ కనబడుతూనే ఉన్నాయి.

కాళ్లను చూడటం కంటే తడమడం మేలు. నలక ఎముక ముందుభాగం కత్తి వెన్నులా సూటిగా కాక కాస్త ఉబ్బి ఉంటే షిన్ నొప్పి వచ్చి మానిన గుర్తు; తాకితే కాలు లాక్కోకపోతే అది పాత కథే గనుక భయపడనక్కరలేదు. నలక ఎముకకూ దాని పక్కనుండే సన్నని ఎముకకూ మధ్య గట్టిగా తగిలే స్ప్లింట్ అనే బొడిపె కూడా వేడి, నొప్పి లేకపోతే చాలావరకు అందానికి లోటే. వెనుకవైపు స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి కణజాలం, విల్లులా ఉబ్బి ఉండటం అలా కాదు. తెగి మానిన స్నాయువు మళ్లీ పూర్వపు సాగుదల పొందదు. ఇలాంటి గుర్రం నెమ్మదైన స్వారీకి చక్కగా పనికిరావచ్చు, దూకడానికి, వేగానికి కాదు. నలక మీదో స్నాయువు మీదో వరుసగా చుక్కల్లాంటి మచ్చలుంటే అవి వాతలు. కాల్చిన ఇనుముతో వాతలు పెట్టి కాలిని బాగుచేయవచ్చన్న పాత నమ్మకాన్ని నేటి వైద్యం ఒప్పుకోదు గానీ, కొనేవాడికి మాత్రం ఆ మచ్చలు ఒక మేలు చేస్తాయి: అక్కడ ఒకప్పుడు దెబ్బ తగిలిందన్న సంగతి దాచిపెట్టడం ఇక అమ్మేవాడి వల్ల కాదు.

వీపు మీద వేళ్లతో మెల్లగా నొక్కుతూ పోయినప్పుడు గుర్రం కుంగిపోవడమో చెవులు వెనక్కి వాల్చడమో చేస్తే జీను సరిపడకపోవడం నుంచి కిస్సింగ్ స్పైన్స్ దాకా కారణమేదైనా కావచ్చు. వెన్నుపూసల పైకొనలు ఒకదానికొకటి రాసుకోవడం ఈ రెండోది. ఇది థరోబ్రెడ్‌లలో తరచుగా, ఎక్కువగా జీను కిందనే కనబడుతుంది. ఎక్స్‌రేలో కనబడిన ప్రతి గుర్రానికీ నొప్పి ఉండదు కాబట్టి, చిత్రాన్ని మాత్రమే చూసి తిరస్కరించడం, చిత్రం లేకుండా కొనడం రెండూ తొందరపాటే.

పశువైద్యుడి పరీక్ష

బ్రిటన్‌లో స్థిరపడిన కొనుగోలు పరీక్షకు అయిదు అంచెలుంటాయి: విశ్రాంతిలో ఒళ్లంతా చూడటం, పగ్గం పట్టి నడిపించి ట్రాట్ చేయించడం, రౌతునెక్కించి శ్రమ కలిగించి గుండె, ఊపిరి వినడం, కాసేపు విశ్రాంతినివ్వడం, మళ్లీ ట్రాట్ చేయించడం. ట్రాట్ అంటే ఎదురెదురు మూలల కాళ్లు జతగా కదిలే మధ్యరకం నడక. కుంటితనం తేలికగా బయటపడేది ఇందులోనే. ముందుకాలికి నొప్పి ఉన్న గుర్రం ఆ కాలు నేలకానినప్పుడు తల పైకెత్తి, మంచి కాలు ఆనినప్పుడు దించుతుంది. కీలును సుమారు నిమిషంసేపు మడిచిపట్టి వెంటనే ట్రాట్ చేయించే మడత పరీక్ష, కొనుగోలుదారు కోరితే ఎక్స్‌రేలు దీనికి అదనం. లేతవయసులో పనిచేసిన గుర్రానికి ముందుకాళ్ల మోకాళ్లు, గిట్ట పైకీళ్లు, వెనుకకాళ్ల మడమ కీళ్లు, మోకాళ్ల చిత్రాలు తీయించడం వృథా ఖర్చు కాదు. నొప్పి తెలియకుండా చేసే ఫినైల్‌బ్యుటజోన్, బెదురు తగ్గించే మత్తుమందు ఇచ్చి చూపడం పాత కిటుకు. పరీక్షరోజునే రక్తం తీసి భద్రపరచి, తరువాత అనుమానం వస్తే పరీక్షింపజేసే పద్ధతి దీనికి విరుగుడుగా వచ్చింది.

పందెపు గుర్రానికి మరే గుర్రానికీ లేని ఒక అనుకూలత ఉంది: దాని జీవితం అచ్చులో ఉంటుంది. ఎన్ని పందేలు పరిగెత్తింది, ఎంత దూరం, ఏ తేదీలన్నవి బహిరంగ రికార్డు. పందేల సంఖ్య కంటే వాటి మధ్య ఖాళీలు ఎక్కువ చెబుతాయి. నెలకోసారి పరిగెత్తిన గుర్రం ఏడెనిమిది నెలలు కనబడకుండాపోయి తిరిగి వస్తే, ఆ కాలంలో ఏం జరిగిందని అడగడం కొనేవాడి హక్కు. మన దేశపు థరోబ్రెడ్ వివరాలు పుణెలోని స్టడ్ బుక్ అథారిటీ ఆఫ్ ఇండియాలో నమోదై ఉంటాయి గనుక, పత్రాల్లోని గుర్తులు, మైక్రోచిప్ సంఖ్య ఎదుటనున్న గుర్రంతో సరిపోలాలి. సంతలో కొనే దేశీయ జాతికి ఇంతటి రికార్డు సాధారణంగా దొరకదు. ఏ గుర్రమైనా మనుషులకూ సోకే గ్లాండర్స్ వ్యాధి లేదని రక్తపరీక్షలో తేలాకే తీసుకోవాలి. హర్యానాలో హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఈ వ్యాధి నిర్ధారణకు ప్రధాన సంస్థ.

కొన్న తరువాత

శిక్షణలో ఉన్న పందెపు గుర్రాల్లో నూటికి ఎనభైకి పైగా జీర్ణాశయంలో పుండ్లతో ఉంటాయని ఎండోస్కోపీ పరిశీలనలు చూపాయి. దాణా ఎక్కువ, గడ్డి తక్కువ, పరుగు ఎక్కువ కావడం దీనికి కారణం. అందుచేత తొలి వారాల్లో దాణా క్రమంగా తగ్గించి గడ్డి పెంచుతారు. 450 కిలోల గుర్రానికి రోజుకు కనీసం ఏడు కిలోల ఎండుగడ్డి అవసరం. ఆపైన కొన్ని నెలలు స్వారీ లేకుండా తోటి గుర్రాలతో బయట తిరగనివ్వడాన్ని లెట్ డౌన్ అంటారు. నగరంలో పచ్చికబయలు దొరకనప్పుడు రోజుకు రెండుపూటలా పగ్గం పట్టి నడిపించడమే దానికి బదులు.

మళ్లీ జీను వేసేటప్పుడు గుర్రానికి తెలిసినది ఏమిటో గుర్తెరగాలి. పందెపు గుర్రం మీదికి జాకీని అది నడుస్తుండగానే ఎక్కిస్తారు గనుక, ఎక్కేటప్పుడు కదలకుండా నిలబడాలని దానికి ఎవరూ చెప్పి ఉండరు. పగ్గం బిగిస్తే వేగం పెంచాలని అది నేర్చుకుంది. భయపడిన కొత్త రౌతు ఆపడానికి పగ్గం బిగిస్తాడు, గుర్రం తనకు తెలిసిన అర్థం చేసుకొని దౌడు తీస్తుంది, ఇద్దరిలో తప్పు ఎవరిదీ కాకుండానే రౌతు కింద పడతాడు. నేల మీద నిలబడి పొడవాటి పగ్గాలతో నడిపించడం, విశాలమైన వలయాల్లో నడక, తక్కువ బరువున్న రౌతుతో పది, ఇరవై నిమిషాల స్వారీ అనే క్రమంలో పాఠాలు మొదటినుంచీ చెప్పుకురావాలి; అయిదేళ్లు నిండేదాకా ఇరుకు వలయాలు, ఎత్తైన దూకుళ్లు పెట్టకపోవడం మంచిది.

పందెపు లాయంలో అల్యూమినియం లాడాల కోసం గిట్టను మొన పొడవుగా, మడమ పొట్టిగా చెక్కడం సాధారణం. దీన్ని ఒక్కసారే సరిచేయబోతే స్నాయువుల మీద భారం మారిపోతుంది కాబట్టి లాడం కొట్టేవాడు నాలుగు నుంచి ఆరు వారాలకోసారి కొద్దికొద్దిగా దిద్దుతూ పోతాడు. గిట్ట నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మేత, మకాం మారిన కాలానికి గుర్తుగా దాని మీద అడ్డంగా ఒక గీత పడి, నెలనెలా కిందికి దిగుతుంది. ఆ గీత నేలను తాకి, పాత లాయంలో పెరిగిన గిట్టంతా అరిగిపోయి, కొత్త యజమాని ఇంట పెరిగిన గిట్ట మీద గుర్రం నిలబడటానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది.